సగం కట్టిన కమ్యూనిటీలో ఇల్లు కొనాలా, ఆగాలా?

హైదరాబాద్ ఔటర్ చుట్టూ కొల్లూరు, తెల్లాపూర్, బాచుపల్లి, ఆదిబట్ల, ఘట్‌కేసర్ ఎటు వెళ్లినా ఒకే దృశ్యం. ముందున్న రెండు బ్లాకుల బాల్కనీల్లో బట్టలు ఆరేసి ఉంటాయి. వెనక మూడు బ్లాకుల మీద క్రేన్లు తిరుగుతుంటాయి. గేటు దగ్గరి ఆఫీసులో చెప్పేదీ ఒకటే: "ఇప్పుడు తీసుకుంటే అడుగుకి వెయ్యి తక్కువ సార్, హ్యాండోవర్ అయ్యాక ఈ రేటు ఉండదు." రేటు తక్కువన్న మాట నిజమే. ఆ వెయ్యి దేనికోసం తగ్గిస్తున్నారో, అందులో చివరికి మీ చేతిలో మిగిలేది ఎంతో లెక్క వేసుకోవాలి. ఇక్కడి అంకెలు హైదరాబాద్ శివార్లవి, నియమాలు తెలంగాణవి. రెరా (ఇళ్ల ప్రాజెక్టులను నియంత్రించే) చట్టం, జీఎస్టీ మాత్రం ఆంధ్రప్రదేశ్‌లోనూ ఇవే.

ముందుగా ప్రీ లాంచ్‌ను, అంటే అనుమతులు రాకముందే అమ్మేదాన్ని, పక్కన పెట్టేద్దాం. 500 చదరపు మీటర్లకు మించిన స్థలంలో గానీ, ఎనిమిదికి మించి ఇళ్లతో గానీ వచ్చే ప్రాజెక్టును రెరాలో నమోదు చేయకుండా అమ్మకూడదు, ప్రకటన కూడా ఇవ్వకూడదు. "మొత్తం డబ్బు ఒకేసారి కడితే సగం ధరకే" అని, యూడీఎస్ పేరుతో భూమిలో విడదీయని వాటా రాసిస్తామని చెబితే మీరు కొంటున్నది ఇల్లు కాదు, ఒక మాట. ప్లాన్ మంజూరు కాలేదు కాబట్టి ఫ్లాట్ నంబరుకు విలువ లేదు, ఏ బ్యాంకూ లోన్ ఇవ్వదు. బ్యాంకు పెట్టని చోట మన జీవితకాలపు పొదుపు మొత్తం పెట్టడానికి కారణమేమీ కనపడదు.

ఇక మిగిలినవి నాలుగు. రెరా నంబరు ఉండి ఇంకా కడుతున్న ఫ్లాటు, మొదటి ఫేజ్‌లో జనం చేరి మిగతాది నడుస్తున్న కమ్యూనిటీ, ఓసీ (నివాసయోగ్యమని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) వచ్చిన రెడీ ఫ్లాటు, మధ్యలో ఆగిపోయి మళ్లీ అమ్మకానికి వచ్చిన ఇల్లు.

వెయ్యి రూపాయల తేడాలో మిగిలేది ఎంత?

1,500 ఎస్‌ఎఫ్‌టీ ఫ్లాటు. కడుతున్నది అడుగు 6,000 చొప్పున 90 లక్షలు, మూడేళ్లలో ఇస్తామంటున్నారు. అదే వీధిలో ఓసీ ఉన్నది 7,000 చొప్పున 105 లక్షలు. పైకి తేడా 15 లక్షలు.

కడుతున్నదానికి 5 శాతం జీఎస్టీ, అంటే 4.5 లక్షలు. మూడేళ్లు అద్దె ఇంట్లోనే ఉంటారు: నెలకు 25,000 చొప్పున 9 లక్షలు. 70 లక్షల లోన్ దశలవారీగా విడుదలవుతుంది. సగటున ముప్పావు వంతు బయట ఉన్నట్టు లెక్కేసి, 8.5 శాతం వడ్డీ వేస్తే మూడేళ్లకు 13.4 లక్షలు. మొత్తం 116.9.

రెడీ ఫ్లాటుకు జీఎస్టీ లేదు, అద్దె లేదు. కానీ 78 లక్షల లోన్ మీద మొదటి రోజు నుంచే పూర్తి వడ్డీ, మూడేళ్లకు సుమారు 19.5 లక్షలు. అడుగుకు మూడున్నర చొప్పున మెయింటెనెన్స్ 1.9 లక్షలు. మొత్తం 126.4.

అంటే 15 లక్షల తేడా 9.5 లక్షలకు దిగింది. (రిజిస్ట్రేషన్ ఖర్చు ఏడున్నర శాతం కాబట్టి తక్కువ ధర మీద ఇంకో లక్ష కలిసొస్తుంది.) హ్యాండోవర్ ఆలస్యమయ్యే ప్రతి ఏడాదికీ ఇందులోంచి ఇంకో రెండు లక్షలు కరుగుతాయి. అప్పటికి 70 లక్షలూ విడుదలై ఉంటాయి, అద్దె మాత్రం ఆగదు. రెండేళ్లు ఆలస్యమైతే మిగిలేది ఐదున్నర.

ఇదే లెక్క రెడీ ఫ్లాటు 6,500 ఉన్నచోట వేసి చూడండి. లోన్ కూడా ఆ మేరకు తగ్గుతుంది కాబట్టి మూడేళ్ల తర్వాత తేడా లక్ష లోపుకు పడిపోతుంది. అడుగుకి ఐదు వందలే తక్కువైతే మూడేళ్ల దుమ్మూ రిస్కూ ఉత్తి పుణ్యానికి భరిస్తున్నట్టే. మీ అద్దె, మీ వడ్డీ, మీ ఏరియా రేటు పెట్టి కాగితం మీద అరగంటలో తేల్చుకోవచ్చు. "రేటు పెరుగుతుంది కదా" అన్నది ఇందులో కలపొద్దు. పెరిగితే రెండిటికీ పెరుగుతుంది.

జీఎస్టీలో ఒక మెలిక ఉంది. ధర మొత్తం ఓసీ వచ్చాకే చెల్లిస్తే పన్ను సున్నా. ఓసీకి ముందు కొంత కట్టినా మొత్తం ధర మీద 5 శాతం పడుతుంది. అందుకే పని పూర్తయి ఓసీ ఒక్కటే రావాల్సి ఉన్న బ్లాకులో టోకెన్ ఇచ్చే ముందు ఫైలు ఎక్కడుందో అడగండి. రెండు నెలలు ఆగితే నాలుగున్నర లక్షలు మిగలొచ్చు. అలా ఆగేవాళ్లకు కొంతమంది బిల్డర్లు రేటు పెంచి చెబుతారు, అప్పుడు ఆ రెండు అంకెలనే పోల్చుకోవాలి. 45 లక్షల లోపు ధర, హైదరాబాద్‌లో 60 చదరపు మీటర్ల లోపు కార్పెట్ ఏరియా ఉంటే జీఎస్టీ 1 శాతమే.

పాత ఆదాయపు పన్ను విధానంలో ఉన్నవాళ్లకు ఇంకో సంగతి. నిర్మాణం జరుగుతుండగా కట్టిన వడ్డీని ఇల్లు పూర్తయ్యాక ఐదు సమాన వాయిదాల్లో చూపించుకోవచ్చు. కానీ లోన్ తీసుకున్న ఆర్థిక సంవత్సరం ముగిశాక ఐదేళ్లలోపు ఇల్లు పూర్తి కాకపోతే, ఏటా రెండు లక్షల మినహాయింపు 30,000కు పడిపోతుంది.

ఆలస్యం స్లాబుల దగ్గర రాదు

శివారు టవర్లలో ఇప్పుడు ఎక్కువగా వాడేది మివాన్ షట్టరింగ్. అల్యూమినియం పలకలతో గోడలూ స్లాబూ ఒకేసారి పోస్తారు. లయ కుదిరితే అంతస్తుకు 8–10 రోజులు. ముప్పై అంతస్తులు ఏడాదిలోపే లేచి నిలబడతాయి, చూసినవాళ్లు "భలే కడుతున్నాడు" అనుకుంటారు. చెల్లింపుల షెడ్యూలు కూడా ఆ స్లాబులకే ముడిపెట్టి ఉంటుంది. ఐదో స్లాబుకు ఇంత, పదో స్లాబుకు ఇంత అంటూ ఆఖరి స్లాబు పడేసరికి 85–90 శాతం డబ్బు వెళ్లిపోతుంది.

అసలు పని అక్కడ మొదలవుతుంది. కిటికీలు, వాటర్‌ప్రూఫింగ్, లిఫ్టులు, అగ్నిమాపక పైపులు, ట్రాన్స్‌ఫార్మర్లు, ఎస్‌టీపీ (మురుగునీటి శుద్ధి ప్లాంటు), సంపు, అంతర్గత రోడ్లు. ఇవన్నీ వేర్వేరు కాంట్రాక్టర్ల పనులు. ఒకరు ఆగితే వెనక ముగ్గురు ఆగుతారు. వసూలు కావాల్సింది పది శాతమే మిగిలినప్పుడు బిల్డర్ మనుషులనూ డబ్బునూ కొత్త ప్రాజెక్టు వైపు తిప్పుతాడు. ఆలస్యమైన ప్రాజెక్టుల్లో ఎక్కువ భాగం ఇక్కడే చిక్కుకుంటాయి.

కొనుగోలుదారుల డబ్బులో 70 శాతం ప్రత్యేక ఖాతాలో ఉంచి భూమికీ నిర్మాణానికీ మాత్రమే వాడాలని రెరా చట్టం చెబుతుంది. అది కొంత రక్షణే కానీ షెడ్యూలును మార్చదు. దాన్ని మార్చుకోవాల్సింది మీరు. రేటులో యాభై రూపాయలు తగ్గించమని బతిమాలేకంటే చివరి 10 శాతం ఓసీ వచ్చాక, ఇంకో 10 శాతం లోపలి పనులు పూర్తయ్యాక కట్టేలా రాయించుకోండి. అమ్మకాలు మందకొడిగా ఉన్న ప్రాజెక్టుల్లో దీనికి ఒప్పుకుంటారు.

ధరలో పది శాతానికి మించి తీసుకోవాలంటే ముందు అగ్రిమెంటు ఆఫ్ సేల్ రిజిస్టర్ చేయాలి. వంద రూపాయల స్టాంపు పేపరు మీద సంతకాలు పెట్టించి ఇరవై శాతం అడగడం మామూలైపోయింది, అలాగని అది చట్టబద్ధం కాదు. గడువు దాటితే రెండు దారులు. తప్పుకుని డబ్బు వడ్డీతో వెనక్కి తీసుకోవచ్చు, లేదా కొనసాగుతూ ఆలస్యమైన ప్రతి నెలకూ వడ్డీ అడగొచ్చు. తెలంగాణ రూల్స్ ప్రకారం వడ్డీ ఎస్‌బీఐ అత్యధిక ఎంసీఎల్‌ఆర్‌కు (బ్యాంకు రుణాల ప్రామాణిక వడ్డీ రేటుకు) 2 శాతం కలిపి. ఉత్తర్వు రావడం ఒక ఎత్తు, డబ్బు చేతికి రావడం ఇంకో ఎత్తు. ఆ వడ్డీని నమ్ముకుని బడ్జెట్ వేసుకోవద్దు.

మీ ఫ్లాటు తాకట్టులో ఉందా?

దీన్ని చాలామంది చూడరు. ప్లాన్ మంజూరు చేసేటప్పుడు, ఉల్లంఘనలు లేకుండా కట్టాలన్న హామీగా మొత్తం నిర్మాణంలో 10 శాతం ఏరియాను బిల్డర్ మంజూరు చేసిన సంస్థకు తాకట్టు పెట్టాలి. సాధారణంగా కింది అంతస్తుల్లోని ఫ్లాట్లు పెడతారు. లేఅవుట్లలో అయితే ప్లాట్ల విస్తీర్ణంలో 15 శాతం. ఓసీ వచ్చాకే ఆ తాకట్టు విడుదలవుతుంది. ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే సర్టిఫికెట్) తీస్తే ఆ మార్ట్‌గేజ్ డీడ్ కనబడుతుంది.

"అది ఫార్మాలిటీ సార్, అందరికీ ఉంటుంది" అంటారు సేల్స్‌వాళ్లు. అందరికీ ఉండే మాట నిజం. మీ ఫ్లాటు నంబరు ఆ జాబితాలో ఉందా అన్నదే తేడా. ఉంటే ఓసీ దాకా మీ పేరున రిజిస్ట్రేషన్ కాదు, బ్యాంకూ వెనకాడుతుంది. రెండో అంతస్తు ఫ్లాటు ఐదో అంతస్తు కంటే కాస్త చవగ్గా వస్తోందంటే ముందు ఈ జాబితా తెప్పించుకుని చూడండి.

రెండోది ల్యాండ్‌లార్డ్ షేర్. ఇక్కడ ఎక్కువ ప్రాజెక్టులు డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ కమ్ జీపీఏ మీద నడుస్తాయి. భూమి ఒకరిది, కట్టేది ఇంకొకరు, ఫ్లాట్లు ఇద్దరికీ వాటాలు. ఏ నంబరు ఎవరిదో సప్లిమెంటరీ అగ్రిమెంటులో ఉంటుంది. ల్యాండ్‌లార్డ్ వాటా ఫ్లాటు తక్కువకు దొరకడం మామూలే, కొనడమూ తప్పు కాదు. కానీ ఆ నంబరు ఆయన వాటాలోనే ఉండాలి, డబ్బు ఆయన ఖాతాకే వెళ్లాలి. ఆయన వాటా కంటే ఎక్కువ ఫ్లాట్లు అమ్మిన గొడవల్లో చివరికి కోర్టు చుట్టూ తిరిగేది కొన్నవాళ్లే.

మూడోది చెరువు. 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువులకు ఎఫ్‌టీఎల్ హద్దు (చెరువు నిండినప్పుడు నీళ్లు చేరే గీత) నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నవాటికి 9 మీటర్లు బఫర్, అంటే కట్టకూడని జాగా. 2024 జూలైలో ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా ఏర్పడ్డాక ఈ హద్దుల మీద చర్యలు జోరందుకున్నాయి. హెచ్‌ఎండీఏ చెరువుల మ్యాపుల్లో మీ సర్వే నంబరు పెట్టి చూసుకోండి, బ్రోచర్‌లోని "లేక్ వ్యూ" అన్న మాట చూసి మురిసిపోవద్దు. సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో) లేదని, భూమిని వ్యవసాయేతర భూమిగా మార్చారని (నాలా మార్పిడి) కూడా లాయరుతో నిర్ధారించుకోవాలి. ఐదారు బ్యాంకులు ఆమోదించిన ప్రాజెక్టు అన్నది మంచి సూచనే, కానీ అది టైటిల్ గ్యారంటీ కాదు.

మొదటి ఫేజ్‌లో చేరడం

కడుతున్న ఫ్లాటుకూ పూర్తి రెడీ ఫ్లాటుకూ మధ్య ఇది మంచి రాజీ. బిల్డర్ ఎలా కడతాడో కళ్ల ముందు ఉంటుంది, అద్దె ఆగుతుంది, ధర కొంచెం తక్కువ. అయితే ఫ్లాటు పూర్తయినంత మాత్రాన కమ్యూనిటీ పూర్తయినట్టు కాదు.

పెద్ద ప్రాజెక్టుల్లో ఫేజ్‌లకు వేర్వేరు రెరా రిజిస్ట్రేషన్లు ఉండొచ్చు. మీ ఫేజ్ గడువు ఈ ఏడాది అయినా క్లబ్‌హౌస్ మూడో ఫేజ్ కింద, మూడేళ్ల తర్వాతి తేదీతో ఉండొచ్చు. అప్పుడు బిల్డర్ ఆలస్యం చేసినట్టు లెక్కే కాదు. రెరా పోర్టల్‌లో క్లబ్‌హౌస్, ఎస్‌టీపీ, సంపు, మెయిన్ గేటు రోడ్డు ఏ ఫేజ్‌లో ఉన్నాయో ఒక్కొక్కటీ విడిగా చూడండి. క్లబ్‌హౌస్ లేకపోయినా బతకొచ్చు, ఎస్‌టీపీ లేకుండా కుదరదు.

ఎస్‌టీపీది ఇంకో చిక్కు. వెయ్యి ఇళ్ల కోసం కట్టినదానికి నూటయాభై ఇళ్ల మురుగే వస్తే, బ్యాక్టీరియాకు తిండి చాలక అది సరిగా పనిచేయదు, వాసన కొడుతుంది. చాలాచోట్ల నడపడం మానేసి ట్యాంకర్లతో బయటికి తోలిస్తారు. ఆ ఖర్చు మెయింటెనెన్స్‌లోకి వస్తుంది. సెక్యూరిటీ, లిఫ్టులు, జనరేటర్ ఖర్చు ఇళ్లు నిండినా నిండకపోయినా అంతే. అమ్ముడుపోని ఫ్లాట్ల మెయింటెనెన్స్ బిల్డర్ కడుతున్నాడా అని అక్కడ ఉంటున్నవాళ్లనే అడగండి.

కరెంటు మీటరు మీ పేరు మీద ఉందా, లేక నిర్మాణం కోసం తీసుకున్న టెంపరరీ కనెక్షన్ నుంచి సబ్ మీటరు ఇచ్చారా? రెండోది అయితే యూనిట్ రేటు ఇంటి టారిఫ్ కంటే బాగా ఎక్కువ పడుతుంది, అసలు ఓసీ రాలేదని కూడా అర్థం. ఓసీ లేకుండా "ఫిట్‌అవుట్స్ (లోపలి అలంకరణ పనుల) కోసం తాళాలు" ఇచ్చి మనుషులను చేర్చడం జరుగుతూనే ఉంటుంది. తాళం తీసుకున్నాక మీ బేరం బలం సగం పోతుంది.

సైటుకు మూడుసార్లు వెళ్లండి

ఆదివారం సేల్స్ మనిషితో వెళ్లే విజిట్ లెక్కలోకి రాదు.

ఒకసారి మామూలు రోజు ఉదయం తొమ్మిదిన్నరకు. ఇంటి నుంచి ఆఫీసు దాకా నడిపి చూడండి. గేటు ముందున్న "వంద అడుగుల రోడ్డు" ఇప్పుడు ఉన్నదా, 2031 మాస్టర్ ప్లాన్‌లో గీత మాత్రమేనా తెలుస్తుంది. గీత అయితే మధ్యలోని పొలాలు సేకరించేదాకా మీ దారి పాత ఊరి సందే. అప్పుడే పనివాళ్లను కూడా చూడండి. ఫినిషింగ్ నడుస్తున్న టవర్‌లో ప్రతి రెండు మూడు అంతస్తులకూ ఏదో ఒక ముఠా కనపడాలి. టైల్స్ పెట్టెలు, కిటికీ ఫ్రేములు దిగి ఉండాలి. వాచ్‌మన్, ఇద్దరు ప్లంబర్లే ఉంటే పని ఆగినట్టే, బ్యానర్ ఏం చెప్పినా.

ఒకసారి రాత్రి ఎనిమిదికి. దీపాలు వెలిగే కిటికీలు లెక్కపెట్టండి. "80 శాతం చేరిపోయారు" అన్న మాటకూ వెలుగుకూ పొంతన ఉందో లేదో అక్కడే తేలిపోతుంది.

ఒకసారి గట్టి వాన పడిన మర్నాడు. సెల్లార్ ర్యాంపు కింద నీళ్లు నిలిచాయా, పంపు పెట్టి తోడుతున్నారా చూడండి. గేటు దగ్గర రోజుకు ఎన్ని ట్యాంకర్లు వస్తాయో వాచ్‌మన్‌ను అడిగితే చెబుతాడు. ఇదే ప్రశ్న ఏప్రిల్, మే నెలల గురించి కూడా అడగాలి. జలమండలి కనెక్షన్ "అప్లై చేశాం" అంటే బోర్లూ ట్యాంకర్లే అని లెక్కేసుకోవాలి.

రెడీ ఫ్లాటు చూస్తుంటే బాత్రూమ్ డ్రెయిన్‌కు గుడ్డ కుక్కి రెండంగుళాల నీళ్లు 24 గంటలు నిలబెట్టమనండి. మర్నాడు కింది ఫ్లాటు సీలింగ్ చూడాలి. రూపాయి బిళ్లతో టైల్స్ తడుతూ వెళ్తే డొల్లగా మోగేవి బయటపడతాయి. నిర్మాణ లోపాలకు స్వాధీనం నుంచి ఐదేళ్ల బాధ్యత బిల్డర్‌దే, ముప్పై రోజుల్లో ఉచితంగా బాగుచేయాలి. ఫిర్యాదు రాతపూర్వకంగా ఇస్తేనే అది లెక్క.

ఆగిపోయి మళ్లీ అమ్మకానికి వచ్చినవి

ప్రభుత్వానివైనా ప్రైవేటువైనా వీటిని వేరే లెక్కతో చూడాలి. 2022లో నాగోల్ దగ్గర బండ్లగూడ, ఘట్‌కేసర్ వైపు పోచారంలో ఏళ్ల తరబడి పడి ఉన్న రాజీవ్ స్వగృహ (ప్రభుత్వ గృహ పథకం) ఫ్లాట్లను లాటరీ పద్ధతిలో అమ్మారు. బండ్లగూడలో పూర్తయినవి అడుగు 3,000, సగం పూర్తయినవి 2,750. పోచారంలో 2,500, 2,250. రెండుచోట్లా తేడా 250 రూపాయలే. 1,200 అడుగుల ఫ్లాటుకు అది మూడు లక్షలు. తలుపులు, కిటికీలు, ఫ్లోరింగ్, వైరింగ్, శానిటరీ, రంగులు మూడు లక్షల్లో ముగుస్తాయా అన్నదే అక్కడి ప్రశ్న. పనులు ఎన్ని మిగిలాయో దాన్నిబట్టి జవాబు మారుతుంది, కానీ తలుపులూ ఫ్లోరింగూ రెండూ లేకపోతే చాలదు. ఏళ్లు ఎండకూ వానకూ వదిలేసిన చోట ఒక స్ట్రక్చరల్ ఇంజినీరును తీసుకెళ్లాలి. బయటికి కనిపించే ఇనుము తుప్పు, టెర్రస్, లిఫ్టు గుంతల్లో నీళ్లు, పైపుల్లో సిమెంటు ముద్దలు ఆయనే చూస్తాడు.

ఎవరికి ఏది

అద్దెతో పాటు ఈఎంఐ భారం మోయలేనివాళ్లు, పిల్లల స్కూలు మార్పు వచ్చే జూన్‌కే కావాల్సినవాళ్లు కడుతున్నదాని జోలికి వెళ్లొద్దు. ఓసీ ఉన్న చిన్న ఫ్లాటు, లేదా నగరంలో పదేళ్ల పాత ఫ్లాటు నయం. పాత ఐదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో క్లబ్‌హౌస్ ఉండదు కానీ భూమి వాటా ఎక్కువ ఉంటుంది. ఎకరం అంటే 4,840 గజాలు. ఎకరానికి రెండు వందల ఫ్లాట్లు వేసిన టవర్‌లో సగటున మీకు వచ్చేది 24 గజాలే.

ఆఫీసు అటే ఉండి, అద్దె తక్కువ కట్టేవాళ్లకు, తేడా అడుగుకి వెయ్యికి తగ్గకుండా ఉంటే కడుతున్నది లాభమే. అందులోనూ స్లాబులన్నీ పూర్తయి లోపలి పనులు జోరుగా నడుస్తున్నదాన్ని ఎంచుకోండి. రేటు కొంచెం ఎక్కువైనా, ఆగిపోతుందన్న భయం చాలావరకు తగ్గుతుంది. విల్లాలకు ఇంకాస్త జాగ్రత్త కావాలి. ఒక్కో విల్లా విడిగా కడతారు కాబట్టి మీది పూర్తయి పక్కనున్న ఇరవై పునాదుల దగ్గరే ఆగిపోవచ్చు, రోడ్డూ డ్రైనేజీ వాటి కోసం ఎదురుచూస్తూ ఉంటాయి.

విదేశాల్లో ఉండి కొనేవాళ్లు రెరా పోర్టల్‌లో మూడు నెలలకోసారి పెట్టాల్సిన పురోగతి వివరాలు చూసి, సైటుకు వెళ్లిన మనిషి తీసిన తేదీ ఉన్న ఫోటోలతో పోల్చుకోవాలి. సేల్స్‌వాళ్లు పంపే డ్రోన్ వీడియోలో లోపలి పనులు కనపడవు.

టోకెన్ లక్ష దాటనివ్వొద్దు, చెక్కుగానే ఇవ్వండి. రసీదు మీద ఒక వాక్యం రాయించుకోండి: లాయరు పరిశీలనలో గానీ బ్యాంకు లీగల్‌లో గానీ అభ్యంతరం వస్తే 15 రోజుల్లో టోకెన్ పూర్తిగా వాపసు. బుకింగ్ ఫారం వెనక చిన్న అక్షరాల్లో "రద్దు చేస్తే రెండు లక్షల కోత" అని ఉంటుంది. సంతకానికి ముందే దాన్ని కొట్టించి, పక్కన వాళ్ల చేత కూడా సంతకం పెట్టించండి.